సింథటిక్ ఆయిల్, బయటి షెడ్డులో మార్పు, వారంటీ: నరసన్నపేట నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఏడాది నిండని టర్బో పెట్రోలు కారుకు, నరసన్నపేటలో మీకు నమ్మకమైన మెకానిక్ షెడ్డులో సింథటిక్ ఆయిల్ పోయించుకుంటే వారంటీ పోతుందా అన్నది మొదటిది. మాన్యువల్‌లో రాసిన 0డబ్ల్యూ-20 ఆయిల్ నీళ్లలా ఉంటుందని, మన ఎండలకు 20డబ్ల్యూ-40 పోయించుకోవడమే మేలని టెక్కలిలోని మీ బావగారు చెప్పిన మాట వినవచ్చా అన్నది రెండోది. సింథటిక్ పోశాక 15,000 కిలోమీటర్ల దాకా మార్చనక్కర్లేదని, అయినా కంపెనీ వారంటీ కాదంటే చట్టం ఊరుకోదని వీడియోల్లో చెబుతున్నది ఎంతవరకు నిజం అన్నది మూడోది. డబ్బాలో మిగిలిన ఆయిల్‌ను మీ అబ్బాయి బైకులో పోయవచ్చా అని చివర్లో అడిగారు. నేను ఒక అధీకృత సర్వీస్ కేంద్రంలో వారంటీ క్లెయిములు తయారుచేసే పనిలో చాలా ఏళ్లు ఉండి, ఇప్పుడు విజయనగరంలో సొంత వర్క్‌షాపు నడుపుతున్నాను. షోరూం పద్ధతీ, షెడ్డు పద్ధతీ రెండూ దగ్గరుండి చూసినవాడిగా ఈ సమాధానం రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పవలసింది చెబుతాను. సింథటిక్ ఆయిల్ పోసినందువల్ల వారంటీ పోదు. ఒకసారి బయటి షెడ్డులో ఆయిల్ మార్పించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు కావడం కూడా న్యాయం కాదు. ఇంజన్‌కు సంబంధించిన క్లెయిము నిజంగా చిక్కుల్లో పడేది మాన్యువల్ అడిగిన ప్రమాణం లేని ఆయిల్ పోసినప్పుడు, మాన్యువల్ పెట్టిన గడువు దాటించినప్పుడు, లేదా ఈ రెండూ సక్రమంగా చేసి కూడా చేసినట్టు కాగితం చూపించలేకపోయినప్పుడు. ఈ మూడింటిలో చివరిదానివల్ల నష్టపోయిన వాళ్లనే నేను ఎక్కువగా చూశాను, అందువల్ల ఆ సంగతి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

సింథటిక్ అనే మాట గురించి ముందుగా ఒక స్పష్టత అవసరం. ఇంజన్ ఆయిల్‌లో అధిక భాగం మూల నూనె, మిగిలినది దానిలో కలిపే రసాయనాల మిశ్రమం. మూల నూనెలను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, అయిదు తరగతులుగా విభజించింది. మొదటి రెండు తరగతులు మనం మినరల్ అని పిలిచేవి. మూడో తరగతి ముడిచమురు నుంచే వచ్చినా హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసినది, నాలుగోది రసాయనికంగా నిర్మించిన పీఏఓ (పాలీ ఆల్ఫా ఓలెఫిన్) అనే నూనె, ఎస్టర్ల వంటివి అయిదో తరగతిలోకి వస్తాయి. మూడో తరగతి నూనెను సింథటిక్ పేరుతో అమ్మవచ్చా అన్న వివాదంలో 1999లో అమెరికాలోని ప్రకటనల పరిశీలన సంస్థ అమ్మవచ్చని తేల్చింది. అందుకే ఈరోజు బజారులో సింథటిక్ అని కనిపించే డబ్బాల్లో చాలావాటిలో మూడో తరగతి నూనే ఉంటుంది. అది నాసిరకమని నేను అనడం లేదు, చాలా మంచి నూనె. కానీ డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న ఆ ఒక్క మాట మీ ఇంజన్‌కు ఆ ఆయిల్ సరిపోతుందా లేదా అన్నది చెప్పదు. అది చెప్పేది డబ్బా వెనక చిన్న అక్షరాలతో ఉండే గ్రేడు, ప్రమాణం. వారంటీ పరిశీలించేవారు చూసేది కూడా ఆ చిన్న అక్షరాలనే.

ఇప్పుడు బావగారి మాటకు వస్తాను. ఆయన మీ మేలు కోరే చెప్పారు, పాత అంబాసిడర్‌కో, పాత డీజిల్ జీపుకో ఆ మాట సరిగ్గా సరిపోయేది కూడా. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో సూచిస్తుంది, తరువాతి అంకె ఇంజన్ వేడెక్కాక దాని చిక్కదనాన్ని సూచిస్తుంది. వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ పెట్టిన జె300 ప్రమాణం ప్రకారం 20 గ్రేడు ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే కొలమానం) మధ్య, 40 గ్రేడు ఆయిల్ 12.5 నుంచి 16.3 మధ్య ఉండాలి. బయట వైశాఖమాసపు ఎండ కాస్తున్నా, పుష్యమాసపు తెల్లవారుజాము అయినా, థర్మోస్టాటు, రేడియేటరు కలిసి ఇంజన్ కూలెంటును 90 డిగ్రీల చుట్టుపక్కలే నిలబెడతాయి, ఆయిల్ వేడి కూడా ఎక్కువగా ఆ పరిసరాల్లోనే ఉంటుంది. కాబట్టి శ్రీకాకుళం ఎండకు ఆయిల్ పలచబడిపోతుందన్న భయానికి ఆధారం తక్కువ. పైగా బావగారికి నీళ్లలా కనిపించిన ఆ 0డబ్ల్యూ-20 కూడా 40 డిగ్రీల దగ్గర, 100 డిగ్రీల దగ్గర ఉండే దానికంటే సుమారు అయిదు రెట్లు చిక్కగా ఉంటుంది. ఉదయం స్టార్ట్ చేసిన క్షణంలో ఇంజన్‌కు ఎదురయ్యే కష్టం ఆయిల్ పలచగా ఉండటం కాదు, అది పైనున్న క్యామ్‌షాఫ్టు దాకా, టర్బో బేరింగుల దాకా త్వరగా చేరకపోవడం.

పలచటి ఆయిళ్లను ఇంధనం ఆదా కోసమే తెచ్చారన్న వాదనలో కొంత నిజం ఉంది. అయితే ఆ ఆదా కోసం ఇంజన్ నిర్మాణాన్నే దానికి తగ్గట్టు మార్చారు. బేరింగుల మధ్య ఖాళీలు, ఆయిల్ పంపు, వాల్వు టైమింగును సర్దే ఫేజర్లు, టైమింగ్ చైన్‌ను బిగించి ఉంచే టెన్షనరు, ఇవన్నీ ఫలానా చిక్కదనంగల ఆయిల్ వస్తుందన్న లెక్కతో తయారైనవి. వాటిలోకి రెండు గ్రేడులు ఎక్కువ చిక్కనైన ఆయిల్ పోస్తే మరుసటి రోజే ఇంజన్ బోరుకు వస్తుందని నేను భయపెట్టను. కానీ రేపు ఫేజరులోనో టెన్షనరులోనో టర్బోలోనో లోపం వచ్చి, మీ ఫైలులో 20డబ్ల్యూ-40 అని రాసిన బిల్లు ఉంటే, క్లెయిమును తిరస్కరించడానికి కంపెనీ ఇక వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు, ఆ తిరస్కరణను తప్పని చెప్పడం నా వంటివాడికి కూడా కష్టమవుతుంది. కొన్ని మాన్యువళ్లలో ప్రధాన గ్రేడుతో పాటు, వాతావరణాన్ని బట్టి వాడదగిన మరో గ్రేడును, ఉదాహరణకు 5డబ్ల్యూ-30ని, పట్టికలో చూపిస్తారు. మీ మాన్యువల్‌లో అటువంటి పట్టిక ఉంటే బావగారి కోరికా, కంపెనీ నిబంధనా రెండూ దానితో తీరతాయి. పట్టికలో లేని గ్రేడు జోలికి మాత్రం వారంటీ ఉన్నన్నాళ్లు వెళ్లవద్దు.

గ్రేడు ఎంత ముఖ్యమో ప్రమాణం అంతకంటే ముఖ్యం, మీది టర్బో ఇంజన్ కనుక మరీ ముఖ్యం. నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు, స్పార్కు పడకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఒకటి ఉంది. అది తీవ్రమైతే పిస్టన్ పగిలే ప్రమాదం కూడా ఉంది. ఆయిల్‌లో శుభ్రపరిచే గుణం కోసం కలిపే కాల్షియం రసాయనాలు ఈ జబ్బును పెంచుతాయని తేలడంతో, ఆయిల్ దాన్ని ఎంతవరకు అడ్డుకుంటుందో చూసే పరీక్షను చేర్చి ఏపీఐ 2018లో ఎస్ఎన్ ప్లస్ ప్రమాణాన్ని, టైమింగ్ చైన్ అరుగుదల పరీక్షను కూడా కలిపి 2020 మే నెలలో ఎస్‌పి ప్రమాణాన్ని తెచ్చింది. మాన్యువల్ ఎస్ఎన్ అడిగితే ఎస్‌పి పోయవచ్చు, ఎస్‌పి అడిగితే పాత ఎస్ఎన్ పోయకూడదు. టౌనులో పాత నిల్వలు అమ్మే దుకాణాలు ఉంటాయి కనుక డబ్బా తిప్పి చూసుకునే కొనాలి.

మీ ప్రశ్నను చదివే డీజిల్ కార్ల యజమానుల కోసం ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో చాలావాటికి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. దానిలో చేరిన మసి కాలిపోతుంది గాని, ఆయిల్‌లోని లోహ రసాయనాలు కాలగా మిగిలే బూడిద కాలదు, అక్కడే ఉండిపోయి క్రమంగా ఫిల్టరును మూసేస్తుంది. అందుకే వాటికి బూడిద తక్కువగా మిగిల్చే, ఐరోపా వాహన కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన సి2, సి3 వంటి ప్రమాణాల ఆయిళ్లు అడుగుతారు. సి3లో సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతానికి మించకూడదు. సాలూరు లారీలకు వాడే పీపాలోంచి నాలుగు లీటర్లు పట్టించి కొత్త డీజిల్ కారులో పోసిన వాళ్లను నేను చూశాను. లారీకి అది మంచి ఆయిలే కావచ్చు, ఆ కారు డీపీఎఫ్‌కు మాత్రం కాదు.

గడువు విషయంలో వీడియోలు చెప్పే మాటను నేను గట్టిగా కాదంటాను. సింథటిక్ ఆయిల్ వేడికి తొందరగా చెడిపోదు, తొందరగా మడ్డి కట్టదు, అది నిజం. కానీ వారంటీలో ఉన్న బండికి గడువు నిర్ణయించేది ఆయిల్ కంపెనీ డబ్బా మీద వేసుకున్న హామీ కాదు, వాహన కంపెనీ మాన్యువల్. మన దేశంలో పెట్రోలు కార్లకు సాధారణంగా 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందొస్తే అది, అని ఉంటుంది. ఈ చివరి మాటను చాలామంది దాటేస్తారు. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగని కార్లు మన పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి. తిరగలేదు కదా అని పద్దెనిమిది నెలలు ఆగి వచ్చిన వారి క్లెయిములో గడువు దాటిన విషయం కంప్యూటరులో మొదటి వరుసలోనే కనిపిస్తుంది. తక్కువ తిరిగే కారులో ఆయిల్ నిజంగానే ఎక్కువ చెడుతుంది కూడా. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే, దహనంలో పుట్టిన తేమ, కాలని పెట్రోలు ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే నిలిచిపోతాయి.

దాదాపు ప్రతి మాన్యువల్‌లోనూ కఠిన వాడకం అని ఒక పేజీ ఉంటుంది, దాన్ని చదివిన వాళ్లు అరుదు. దుమ్ము రోడ్లు, పొట్టి ప్రయాణాలు, గంటల తరబడి ఇంజన్ ఆన్‌లో ఉంచి నిలబెట్టడం, ఘాట్ రోడ్లు, నిండు బరువు, ఇవి ఉంటే గడువును తగ్గించుకోమని, చాలాసార్లు సగానికి తగ్గించుకోమని ఆ పేజీ చెబుతుంది. మీ బావగారి కారు టెక్కలి గ్రానైటు క్వారీల దారుల్లో రోజూ తిరుగుతుందన్నారు కాబట్టి అది నిస్సందేహంగా ఆ పేజీలోకే వస్తుంది. అక్కడి రాతి దుమ్ము ఎయిర్ ఫిల్టరు సందుల్లోంచి లోపలికి పోతే ఆయిల్‌లో కలిసి పిస్టన్ రింగులను అరగదీస్తుంది, ఆయిల్‌ను ప్రయోగశాలలో పరీక్షిస్తే సిలికాన్ ఎక్కువగా కనిపించేది అందుకే. అటువంటి బండికి ఎంత ఖరీదైన సింథటిక్ పోసినా 5,000 కిలోమీటర్లకు మార్చడం, ఎయిర్ ఫిల్టరును మధ్యలో విప్పి చూడటం తప్పవు. సీతంపేట వైపు ఘాటు ఎక్కిదిగే బళ్లకూ, పిల్లలను బడిలో దింపి శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడి ఇంటికి చేరే బళ్లకూ ఇదే వర్తిస్తుంది. మీది టర్బో ఇంజన్ కనుక, మీరు జాతీయ రహదారి మీదే ఎక్కువ తిరిగినా, మధ్యలో ఒకసారి అదనంగా ఆయిల్ మార్చుకోవాలన్న మీ ఆలోచన మంచిదే.

ఇక చట్టం సంగతి. మీరు చూసిన వీడియోల్లోని మాటలు అమెరికా నుంచి వచ్చినవి. అక్కడ 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప, ఫలానా బ్రాండు వస్తువో సేవో కొంటేనే వారంటీ అని కంపెనీ షరతు పెట్టడానికి సాధారణంగా వీల్లేదు. ఆ చట్టం మన దేశంలో వర్తించదు, దాన్ని చూపించి శ్రీకాకుళంలో వాదిస్తే ప్రయోజనం లేదు. మన దగ్గర ఆ దిశలో ఉన్న ముఖ్యమైన ఆధారం, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఆదేశం. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదుపై 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, స్వతంత్ర మెకానిక్కు దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదని, బయట జరిగిన లోపభూయిష్టమైన పనివల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ నిరాకరించవచ్చని ఆ ఆదేశం చెప్పింది. కంపెనీలు దాన్ని పై వేదికల్లో సవాలు చేశాయి కాబట్టి, అదొక్కటే చేతిలో ఉంటే చాలనుకోవద్దు. ఆ తరువాత 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. వారంటీ వివరాలను కంపెనీలు అందరికీ తెలిసేలా పెట్టాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి.

ఈ ఆదేశాలన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే: పాడైన భాగానికీ, బయట జరిగిన పనికీ సంబంధం ఉండాలి. బయట ఆయిల్ మార్పించారన్న కారణంతో ఏసీ కంప్రెసరుకో, పవర్ విండో మోటారుకో వారంటీ ఇవ్వబోమని చెబితే అది ఏ విధంగానూ నిలబడే మాట కాదు. అదే ఇంజన్ విషయమైతే ఆ సంబంధాన్ని వాళ్లు చూపించగలరు, లేదని మీరు చూపించుకోవలసి వస్తుంది. మన వినియోగదారుల వేదికల్లో ఫిర్యాదు చేసినవారు ముందుగా తమ వైపు ఆధారాలు పెట్టాలి. కాగితం విలువ ఇక్కడే తెలుస్తుంది.

షోరూంలో క్లెయిము ఎలా నడుస్తుందో చెబితే మీకు ఇది ఇంకా స్పష్టమవుతుంది. మీకు ఎదురుగా కూర్చున్న సర్వీస్ అడ్వైజరు పెద్ద క్లెయిములను మంజూరు చేయడు. బండి చాసిస్ నంబరు, మీటరు రీడింగు, సర్వీసు చరిత్ర, విప్పిన భాగాల ఫోటోలు కంపెనీకి వెళతాయి, నిర్ణయం అక్కడ జరుగుతుంది. ఆ ఫైలు తెరిచిన వ్యక్తి మిమ్మల్ని చూడడు, మీ మెకానిక్కు ఎంత నిజాయితీపరుడో అతనికి తెలియదు. అతనికి కనిపించేవి తేదీల మధ్య ఖాళీలు, వాల్వు కవరు కింద మడ్డి ఉందా లేదా అన్న ఫోటో, ఆయిల్ ఫిల్టరు మీది నంబరు. బొబ్బిలి వైపు నుంచి ఒకాయన టర్బో పాడైన కారు తెచ్చారు. ఆయన మధ్యలో బయట ఆయిల్ మార్పించారు, పోసింది సరైన గ్రేడే, ఆ మెకానిక్కు కూడా నాకు తెలిసిన మంచి పనివాడే. కానీ ఆయన దగ్గరున్నది పాకెట్ డైరీ కాగితం మీద ఆయిల్ మార్పు అని, కింద డబ్బు మొత్తం మాత్రమే రాసిన చీటీ. ఏ ఆయిల్, ఎంత, ఏ బండికి, ఏ మీటరు దగ్గర అన్నది దాని మీద ఏమీ లేదు. క్లెయిము తిరిగి వచ్చింది. ఆయన నెలల తరబడి తిరిగి, చివరకు సొంత డబ్బుతోనే టర్బో మార్పించుకున్నారు. ఆ చీటీ మీద మరో రెండు వరుసలు రాసి ఉంటే ఆ ఫైలు మరోలా నడిచేదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

అందువల్ల మీకు నా సలహా ఇది. మాన్యువల్‌లో ఉన్న ఉచిత సర్వీసులు, 10,000 కిలోమీటర్ల నిర్ణీత సర్వీసులు వారంటీ ఉన్నన్నాళ్లు శ్రీకాకుళం వెళ్లి అధీకృత కేంద్రంలోనే చేయించుకోండి. చట్టం మీ వైపు ఉన్నా సరే, చరిత్ర అంతా కంపెనీ కంప్యూటరులోనే ఉండటం వల్ల కలిగే సౌలభ్యం ఆ ప్రయాణ ఖర్చు కంటే చాలా ఎక్కువ. ఒక నిర్ణీత సర్వీసుకూ, తరువాతి సర్వీసుకూ మధ్యలో మీరు చేయించదలచిన అదనపు ఆయిల్ మార్పును నరసన్నపేటలోని మీ మెకానిక్కు దగ్గర నిశ్చింతగా చేయించుకోవచ్చు. మీరు ఇప్పుడు 7,000 దగ్గర ఉన్నారు కాబట్టి ఈసారికి ఆగి, 10,000 సర్వీసు తరువాత 15,000 దగ్గర మొదటి అదనపు మార్పు పెట్టుకోండి.

ఆ మార్పు చేయించే రోజు ఆయిల్, ఫిల్టరు, డ్రెయిన్ ప్లగ్గు వాషరు మీరే విడిభాగాల దుకాణంలో జీఎస్టీ బిల్లుతో కొనండి. బిల్లులో ఆయిల్ పేరు మాత్రమే కాక గ్రేడు, ఏపీఐ ప్రమాణం, లీటర్లు రాయించండి, బండి నంబరు కూడా రాయమంటే రాస్తారు. ఫిల్టరు కంపెనీ అసలుదే తీసుకోండి, ఆదా చేయవలసిన చోటు అది కాదు. ఫిల్టరు లోపల ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు నాసిరకం వాటిలో త్వరగా బిగుసుకుపోతుంది, ఆపైన ప్రతి ఉదయం ఇంజన్ కొన్ని క్షణాలు ఆయిల్ లేకుండా తిరుగుతుంది. షెడ్డులో మీటరు రీడింగు, డబ్బా మీది బ్యాచ్ నంబరు, కొత్త ఫిల్టరు ఒకే చోట కనిపించేలా ఫోన్లో ఫోటోలు తీసుకోండి. మెకానిక్కు చేత కూలి రసీదు మీద తేదీ, బండి నంబరు, మీటరు రీడింగు, ఎన్ని లీటర్లు పోశారు అన్నవి రాయించి సంతకమో ముద్రో వేయించండి. జీఎస్టీ లేని చిన్న షెడ్డు రసీదు పనికిరాదన్న భయం అక్కర్లేదు, దానికి తోడు దుకాణం బిల్లు, అదే రోజు ఫోటో ఉంటే అవి ఒకదాన్నొకటి బలపరుస్తాయి. డబ్బా సీలు మీ కళ్లెదుటే విప్పించండి, ఖాళీ అయ్యాక దానికి మేకుతో రంధ్రం పెట్టండి. పాత డబ్బాలు కొని వాటిలో వాడేసిన ఆయిల్‌నే శుద్ధి చేసినట్టు చేసి నింపి అమ్మే వాళ్లున్నారు, వాళ్లకు మీ డబ్బా అందకూడదు. దించిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా, వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకు పంపే వారికే ఇవ్వమని మెకానిక్కుకు చెప్పండి.

ఆయిల్ మట్టం గురించి ఎవరూ అడగరు గాని, క్లెయిములు అక్కడ కూడా పోతాయి. టర్బో ఇంజన్లు కొద్దిగా ఆయిల్ తినడం మామూలే, వేయి కిలోమీటర్లకు ఒకసారైనా సమతలం మీద బండి ఆపి, ఇంజన్ ఆపాక అయిదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడాలి. గరిష్ఠ గీతకు పైన పోయించడం కూడా హానికరమే, క్రాంకు తగిలి ఆయిల్ నురగ కట్టి ఒత్తిడి పడిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే అది మట్టానికి కాక ఒత్తిడికి సంబంధించిన హెచ్చరిక అని గుర్తించి, అక్కడికక్కడే ఇంజన్ ఆపాలి. ఇంటిదాకా పోదామని నడిపితే ఇంజన్ కంప్యూటరు ఆ సంగతిని నమోదు చేసుకుంటుంది, ఆ నమోదు చూపించి తిరస్కరించిన క్లెయిమును తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. ఆయిల్‌లో కలిపే ఎడిటివ్ సీసాలు, ఇంజన్ ఫ్లష్ ద్రవాలు ఎవరు అమ్మినా కొనవద్దు. చాలా మాన్యువళ్లు వాటిని వద్దనే చెబుతాయి.

పొడిగించిన వారంటీ కొన్నారా అన్నది మీరు రాయలేదు. కొని ఉంటే దాని పుస్తకం విడిగా చదవండి. అది వేరే ఒప్పందం, కొన్నిసార్లు బీమా సంస్థ నడిపేది కూడా, దానిలో సర్వీసు ఎక్కడ చేయించాలి, గడువుకు ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్లు అటూఇటూ అనుమతిస్తారు అన్నవి మామూలు వారంటీ కంటే కఠినంగా ఉండవచ్చు.

ఇంత జాగ్రత్త తరువాత కూడా ఇంజన్ క్లెయిము తిరస్కరిస్తే, నోటిమాటతో ఒప్పుకుని బయటికి రావద్దు. ఏ నిబంధన కింద, ఏ సాంకేతిక కారణంతో తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. అంతకంటే ముందు, ఇంజన్ విప్పడానికి సంతకం పెట్టమన్నప్పుడే, దించిన ఆయిల్‌లో కొంత శుభ్రమైన సీసాలో మీ ముందే పట్టించి సీలు చేయించండి, పాత ఫిల్టరును, పాడైన భాగాలను పారేయకుండా ఉంచాలని జాబ్ కార్డు మీద రాయించండి. ఆ ఆయిల్ ఒకసారి షోరూం పీపాలో కలిసిపోతే, పోసింది ఏ గ్రేడో తేల్చే దారి మూసుకుపోతుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, వస్తువును పరీక్షిస్తే తప్ప లోపం తేలని సందర్భంలో వినియోగదారుల కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపవచ్చు, పంపడానికి నమూనా మిగిలి ఉండాలి. మొదట కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి ఈమెయిల్, తరువాత 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, అక్కడా తేలకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్. ఆ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, కంపెనీ కార్యాలయం ఉన్న మహానగరానికి పోనక్కర్లేదు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. అయిదు నుంచి పది లక్షల మధ్య ధర చెల్లించిన కారుకు ఫీజు 200 రూపాయలు. ట్యాక్సీగా తిప్పే బళ్లకు ఇది వర్తించదని కొందరు వెనకాడతారు గాని, సొంత జీవనోపాధి కోసం స్వయంగా నడుపుకునే వారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.

మీ అబ్బాయి బైకు సంగతి. కారు ఆయిల్ అందులో పోయవద్దు. మోటారుసైకిళ్లలో ఇంజన్‌కూ, గేర్లకూ, క్లచ్చుకూ ఒకటే ఆయిల్. ఇంధనం ఆదా కోసం 0డబ్ల్యూ-20 వంటి కారు ఆయిళ్లలో కలిపే రాపిడి తగ్గించే రసాయనాలు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉండే క్లచ్ ప్లేట్లను జారేలా చేస్తాయి. బైకుకు డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. గేర్లు లేని స్కూటరుకు క్లచ్ విడిగా పొడిగా ఉంటుంది కనుక వాటికి జాసో ఎంబి ఆయిళ్లు వస్తాయి, వాటిని బైకులో పోయకూడదు. బైకు కూడా వారంటీలోనే ఉంటే పైన రాసిన బిల్లు, ఫోటో పద్ధతి దానికీ వర్తిస్తుంది. కారుకు పోయగా మిగిలిన అర లీటరో, ముప్పావు లీటరో ఆయిల్‌ను మూత గట్టిగా బిగించి, డబ్బా మీద తేదీ రాసి, కారు డిక్కీలో నిలువుగా ఉంచుకోండి. మట్టం తగ్గినప్పుడు అదే ఆయిల్‌తో నింపుకోవచ్చు, నింపిన రోజు మీటరు రీడింగును సర్వీస్ పుస్తకం చివరి పేజీలో రాసుకోండి.